ఈ పొద్దు ఏ కొండ

పత్తికొండ పాత బస్టాండు దాటినాక
జిరాక్సు అంగడి పక్క మెట్లెక్కితే మా సెంటరు.
రెండు కంప్యూటర్లు, పని చేసేది ఒకటే.
దాని ముందర నేను, మాబున్ని,
పొద్దున తొమ్మిదింటి నుంచి
కులం, ఆదాయం, అడంగల్, పంటల బీమా.

నా కండ్లకు తెలిసిన రంగులు మూడు:
ఫారం తెలుపు,
గడువు దాటిందని చెప్పే ఎరుపు,
సర్వర్ కోసం తిరుగుతానే ఉండే ఆ నీలం సున్నా.

ఉరుకుందు, డిగ్రీ సగంలో ఆగిన పిల్లోడు,
ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం తీయనీకి వచ్చి
పోతా పోతా ఏందో నొక్కినాడు.
పైన మూలలో చిన్న ముక్క,
పిల్లోళ్ళు అతికిచ్చి ఆడుకునే అట్టముక్క లాంటిది.
"ఎక్స్‌టెన్షన్ అక్కా. దుడ్లేం అడగదు.
కొత్త ట్యాబ్ తెరిచినప్పుడల్లా ఒక బొమ్మ చూపిస్తాది."
అంతేనా అన్నాను.
అంతే అన్నాడు.

మరుసటి దినం సుంకులమ్మ వేలు పడలేదు.
శెనక్కాయ పీకీ పీకీ గీతలరిగిన బొటనవేలు.
కొంగుకు రుద్దింది, నాలుకకు తాకిచ్చింది,
మిషను కాదంటే కాదంది.
ఇంకో దారిలో చూద్దామని కొత్త ట్యాబ్ తెరిస్తే
మంచు కొండ.
దాని కింద నీళ్ళలో ఇంకో కొండ, తలకిందులుగా.

వేలు గాల్లోనే ఉంచి అడిగింది:
"యాడిది మేయ్ ఇది?"
మూలనున్న సన్నక్షరాలు కూడబలుక్కున్నా. నోరు తిరగని పేరు.
దూరం అవ్వా, అన్నాను.
"వానలుంటాయా ఆడ?"
తెలీదన్నాను.
"ఉంటాయిలే," అంది, నాకు ధైర్యం చెప్తున్నట్టు.

అప్పటి నుంచి వరసలో ఉన్నోళ్ళు
సర్వర్ డౌనంటే తిట్టడం తగ్గిచ్చినారు.
"అయితే ఇంగొకటి తెరు" అంటారు.
ఒంటెల బారు. నారింజ తోట.
చేప కన్ను, తెర నిండా.
ఓనరు నబీరసూలు నెట్టు ఖర్చు లెక్కేస్తాడు:
"బొమ్మలు సూడనీకి ఇదేమన్నా సినిమా హాలా?"
ఆయనొస్తే ఆపేస్తాను. పోయినాక పెడతాను.

మన బొమ్మలు కూడా పెట్టుకోవచ్చని ఒకనాడు తెలిసింది.
ఫోన్లోంచి ఏరి ఎక్కిచ్చినాను:
తొలకరికి తడిసిన జొన్నగిరి చేన్లో
వజ్రం దొరుకుతాదని వంగిన వంద వీపులు;
మా చిన్నాయన దూదేకే విల్లు, దుమ్ము పట్టి;
ధర పడిన దినం యార్డు బయట
రోడ్డు నిండా పారబోసిన టమాటా,
సాయంత్రం ఎండలో ఎంత ఎరుపని,
పెండ్లి చీర ఆరేసినట్టు.

ఆ బొమ్మ వచ్చినప్పుడు
ఎదురుగా మద్దిలేటి కూర్చోనున్నాడు,
అప్పు కాగితం చేతిలో.
చాలాసేపు చూసినాడు.
"బాగ తీసినావు పాపా" అన్నాడు.
"ఆ ఎడమ పక్క గంపలు నావే."

ఆ రాత్రి ఆ ఒక్కటీ తీసేసినాను.
పొద్దున మళ్ళా పెట్టినాను.
అందం అంటే ఏందో నాకెవరూ చదువు చెప్పలేదు.
ఇప్పుడది ఉందో లేదో అడగద్దు.

నిన్న మద్దేన్నం కరెంటొచ్చేసరికి
మెట్ల మీద సుంకులమ్మ.
చేతిలో సంచి లేదు, కార్డు లేదు.
పింఛనుకింకా తొమ్మిది దినాలుంది కదవ్వా అంటే
"పనేం ల్యా. సంతకొచ్చినా.
ఈ పొద్దు ఏ కొండొచ్చిందో సూసి పోదామని."

తెరిచినాను.
కొండ కాదు, సముద్రం.
మోడం కింద, ఒక్క పడవన్నా లేకుండా.
స్టూలు లాక్కొని కూర్చుంది.
కింద ఒక లారీ హారను కొట్టుకుంటా పోయింది.
మేమిద్దరం ఏం మాట్లాడలేదు.

లేస్తా లేస్తా కొంగు ముడి విప్పి
ఇరవై రూపాయలు బల్ల మీద పెట్టింది.
వద్దంటే వినలేదు. పైగా రసీదు ఇమ్మంది.

రసీదు పుస్తకంలో
'సేవ పేరు' అనే గడి కాడ నా పెన్ను నిలబడింది.
"సముద్రమని రాయి" అంది.

రాసినాను.
సముద్రం, ఒకటి.